మొసలి దవడలో రాజాజ్ఞ

తెల్లవారి మంచు విడిపోయేసరికి వక్రవేణీ నది నిద్ర లేచిన కొండచిలువలా ఒళ్ళు విరుచుకుంది. గట్టు దగ్గర నీళ్ళు నెమలికంఠం రంగు. నడిమధ్యన కాటుక రంగు. రెండు గట్ల మీదా మొగలిపొదలు దారినపోయేవాణ్ణి వాసనతో పిలిచి ముళ్ళతో పలకరిస్తున్నాయి. నదికి అడ్డంగా పాత రాతివంతెన ఒకటి ఉంది. ఎటు పోదామో తేల్చుకోలేనట్టు మెలికలు తిరిగి, అవతలి గట్టును ఎలాగో చేరుకుంటుంది. వంతెన కింద సుడిగుండం. దాని గర్జనకు చుట్టుపక్కల ఊళ్ళలో ఆవులు పాలు ఎగబెట్టాయని చెప్పుకుంటారు.

ఆ సుడిగుండంలోకి తిప్పన దూకాడు. దూకినవాడు ఇంకా పైకి తేలలేదు.

అతను దూకింది అన్న తల కోసం. అన్న పేరు నాగన. ఇద్దరూ గుమ్మడిదొడ్డి రైతులు. మిట్టమధ్యాహ్నం కోట మీద భేరి మోగగానే నాగన తల తీసేస్తారు. ఈలోగా రాజాక్షరాలు దొరకాలి.

వలయపురి రాజ్యంలో పూర్వం అన్నీ తాటాకుల మీద గంటంతో రాసేవారు. ఈనె వెంట తిన్నగా గీత లాగితే ఆకు చీలుతుంది. అందుకని అక్షరాలను గుండ్రంగా తిప్పేవారు. ఒకనాడు తొందరపాటు లేఖకుడొకడు మహారాజు జాతకంలో ఒక గీత తిన్నగా లాగాడు. ఆకు సరిగ్గా ఆయుష్షు రాసిన చోట చీలింది. మహారాజు ఆ చీలిక దాకా బతికి ఊరుకున్నాడు. తరువాత వచ్చినవాడు దేశంలో తిన్నని గీత అనేదే లేకుండా చేశాడు. వీధులు వంకర. ఇళ్ళు గుండ్రం. సైనికులు పాముల్లా నడుస్తారు. బాణాలు వంచి చేస్తారు కాబట్టి యుద్ధాల్లో ఎవరికీ పెద్దగా దెబ్బలు తగలవు. పొలం కూడా గుండ్రంగా తిరుగుతూ దున్నాలి. నాగన కొత్త ఎద్దును కొన్నాడు. అది పొరుగుదేశపుది. తిన్నగా నడిచింది. నాగలి చాలు తిన్నగా పడింది. నాగనకు మరణశిక్ష పడింది.

మహారాజు వృత్తకేతు మంచివాడే. మర్నాడే క్షమిద్దామనుకున్నాడు. కాని వలయపురిలో రాజు నోటిమాట ఆజ్ఞ కాదు. రాజాక్షరాలనే సీసపు అక్షరాలతో అచ్చువేసి గోడకు అంటిస్తేనే ఆజ్ఞ. ఆ అక్షరాలను పోతపోసినవాడు భృంగిపాదుడనే మాంత్రికుడు. ప్రతి ఆజ్ఞ కిందా తన పేరు కూడా వెయ్యాలని అతను పట్టుబట్టాడు. రాజు ఒప్పుకోలేదు సరికదా, భృంగిపాదుని పేరు కనబడిన ఆజ్ఞ ఏదైనా చెల్లదని ఆ అక్షరాలతోనే ఒక ఆజ్ఞ వేయించాడు. మాంత్రికుడికి కడుపు మండింది. నాగన శిక్షను అచ్చువేసిన రోజునే, రాజాక్షరాలన్నిటినీ ఒడి కట్టుకుని వెళ్ళి వంతెన మీది నుంచి నదిలో పోశాడు. ఒక్కటి కూడా మిగల్చలేదు.

అప్పటి నుంచీ రాజ్యం ఎక్కడిదక్కడ నిలిచిపోయింది. వంటశాలకు అందిన ఆఖరి ఆజ్ఞ కాకరకాయ. మహారాజు పూటపూటా కాకరకాయే తింటూ, కంచం ముందు కన్నీరు పెడుతున్నాడు. ఆ కన్నీరు చూడలేక రాజకుమారి వకుళ గుర్రపువెంట్రుకల మీసం పెట్టుకుని, పడవవాడి వేషంలో తిప్పన వెంట బయలుదేరింది. ఆమెను దారిలో అందరూ పోల్చుకున్నారు. ఎవరూ పైకి అనలేదు. మారువేషంలో ఉన్నవాళ్ళను గుర్తుపట్టడం వలయపురిలో నేరం. గుర్తుపట్టినవాడి చెవిని పూర్తిగా ఒక చుట్టు తిప్పుతారు.

వకుళ ఇప్పుడు వంతెన కింద పడవలో తాడు పట్టుకుని కూర్చుంది. తాడు రెండో కొస తిప్పన నడుముకు ఉంది. గట్టు మీద పహారా కాస్తున్న భటులు ఆ పడవను చూసి వందనం చేశారు. పడవ అంచు మీద ఏవో పళ్ళగాట్లు, వాటి మధ్య నల్లగా ‘ఇట్లు మహారాజు’ అని అచ్చు ఉంది. అది ఎలా పడిందో ఎవరికీ తెలియదు. పడినది రాజాక్షరం గనుక పడవకు రాజమర్యాదలు జరుగుతున్నాయి.

నీటి అడుగున తిప్పన కళ్ళు తెరిచాడు. ఇసుక నిండా సీసపు మెరుపు. గుప్పెడు తీశాడు. అక్షరాలే. సుడిలో పడి దొర్లిదొర్లి చింతగింజల్లా నునుపు తేలిపోయాయి. ఏది ఏ అక్షరమో కన్నతండ్రి కూడా పోల్చలేడు. అన్న మెడ గుర్తొచ్చింది. పారేసి ముందుకు ఈదాడు.

ముందు ఒక మొసలి పడుకుని ఉంది. పడవంత పొడుగు. వీపు మీద నాచు, నాచు మీద నత్తలు. మాంత్రికుడు అక్షరాలు పోసినప్పుడు అది వంతెన కింద నోరు తెరుచుకుని ఆవులిస్తూ ఉండాలి. పంటికీ పంటికీ మధ్య ఒక్కో అక్షరం బిగిసిపోయింది. దారంతో కట్టిన పాత ఆజ్ఞల వరసలు కొన్ని కట్టు కట్టుగానే దిగబడ్డాయి. బరువుకు తల ఎత్తలేక, నొప్పికి నోరు ముయ్యలేక, అది తిప్పనను చూసి కన్నీరు కార్చింది.

తిప్పన చేలో పశువుల నోళ్ళు చాలా చూశాడు. భయపడడానికి ఊపిరి మిగల్లేదు. నడుము తాడు విప్పి దాని మెడకు వేసి, ఆ తాడే పట్టుకుని పైకి వచ్చాడు.

"దొరికాయా?" అంది వకుళ.

"దొరికాయి. దంతాల్లో ఉన్నాయి."

"ఎవరి దంతాల్లో?"

"తాడు లాగండమ్మా... లాగండయ్యా. మీకే తెలుస్తుంది."

ఇద్దరూ లాగితే కదల్లేదు. వకుళ పడవను గట్టుకు తోసి భటులను కేకేసింది. ‘ఇట్లు మహారాజు’ అన్న పడవ తాడు పట్టమంటే ఎవడు పట్టడు? అందరూ కలిసి లాగారు. మొసలి ఇసుకతిన్నె మీదికి వచ్చి నోరు తెరిచింది. భటులు వందనం చేసి పరుగెత్తారు.

వకుళ పైదవడ మీది వరస ఒకటి చదివింది. "ఇతనిని మండలాధిపతిగా నియమించితిమి." ఆమె తల పట్టుకుంది. "అదీ సంగతి. మొన్న ఒక గాడిద తొడ మీద ఈ మాట అచ్చుపడి ఉంటే, దాన్ని తీసుకెళ్ళి కోటవాకిలి దగ్గర గద్దె మీద కూర్చోబెట్టారు. నీళ్ళకు వచ్చి దీనికి దొరికిందన్నమాట."

"పాలన ఎలా ఉందో?"

"ఇంతకుముందు ఉన్నవాడి కంటే నయమంటున్నారు. తీర్పు చెప్పేముందు నములుతుంది."

తిప్పన మొసలి ముక్కు మీద చెయ్యి వేసి, మొండి ఎద్దును బుజ్జగించినట్టు "హో... హో..." అన్నాడు. అది ఊరుకుంది. అక్షరాలన్నీ అద్దంలో చూసినట్టు తిరగబడి ఉన్నాయి. అతనికి వింతగా తోచలేదు. దూడల తొడలకు ముద్ర వేసే ఇనుమూ అంతే. ఇనుము మీద తిరగబడితేనే తోలు మీద సవ్యంగా పడుతుంది. వకుళ అచ్చుశాలలో ఆడుకుని పెరిగింది కాబట్టి ఆమెకు తిరగబడ్డవే తేలిగ్గా చదవడం వచ్చు. రాజాజ్ఞల వరసలు మొదటి నుంచీ వంపుగానే పేర్చేవారు. మొసలి దవడ కూడా ఆ వంపే.

"నాగనను విడువుము. ఇంతే చాలు," అంది వకుళ. "అక్షరాలు ఇక్కడే ఉన్నాయి. స్థలాలు మార్చాలి. కుడి నుంచి ఎడమకు."

తిప్పన మోచేతి దాకా మొసలి నోట్లో పెట్టాడు. పన్ను కదిపితే అది మూలిగేది. మూలిగినప్పుడల్లా చేపల వాసన వచ్చేది. ఒక్కో అక్షరం ఊడినప్పుడు దానికి సుఖం. మళ్ళీ ఇంకోచోట బిగించినప్పుడు దుఃఖం. పొద్దు మొగలిపొదల మీదికి వచ్చేసరికి వరస కుదిరింది. పడవలో వంటకుండ అడుగున ఉన్న మసి గీకి, నూనెలో కలిపి అక్షరాలకు పూశారు.

ముందు తాటాకు పెట్టారు. మొసలి కరిచింది. ఆకు ఈనె వెంట తిన్నగా చీలింది. ఇద్దరూ చప్పున అటూ ఇటూ చూసి ఆ ఆకును నీళ్ళలో పారేశారు. తరువాత వకుళ తలపాగా పెట్టారు. గుడ్డ మసిని పీల్చుకుంది. అచ్చు చూస్తే కాకి తొక్కినట్టు ఉంది. మొసలికి విసుగొచ్చి నోరు మూసుకుంది. గడ్డపారతో కూడా తెరుచుకోలేదు.

"పొద్దు ఎక్కుతోంది," అన్నాడు తిప్పన.

అప్పుడు మొగలిపొదల్లోంచి ఒక ముసలమ్మ వచ్చింది. చేతికర్ర, బోసినవ్వు. గడ్డం పైటలోకి దోపుకుని ఉంది. పైట అంచు పొడుగునా జరీతో ఒకటే మాట నేసి ఉంది. భృంగిపాదుడు, భృంగిపాదుడు, భృంగిపాదుడు. ముసలమ్మ వకుళ మీసం చూసి నవ్వింది. వకుళ ముసలమ్మ గడ్డం చూసి నవ్వింది. చట్టం ప్రకారం ఇద్దరూ ఊరుకున్నారు.

"ఏం నాయనా, మొసలి నోరు తెరవడం లేదా? నాకు ఓ చిన్న మంత్రం వచ్చులే."

"తెరిపించవ్వా. పుణ్యముంటుంది."

"పుణ్యం నాకెందుకు? ఆజ్ఞ కింద నా పేరు ఒక్కటి పెట్టు. చాలు."

"నీ పేరేంటవ్వా?"

ముసలమ్మ పైట చూపించింది.

"మగపేరులా ఉందే."

"మా ఊళ్ళో ఆడామగా అందరికీ ఇదే పేరు."

వకుళ తిప్పనను పక్కకు లాగింది. "ఆ పేరు కనబడితే ఆజ్ఞ చెల్లదు. మీ అన్న తల పోతుంది."

"పెట్టకపోతే అసలు ఆజ్ఞే లేదు," అన్నాడు తిప్పన. కాసేపు మొసలిని చూశాడు. తన పొట్ట చూసుకున్నాడు. వెనక్కి వచ్చి అడిగాడు. "అవ్వా, కింద ఉంటే చాలు కదా?"

"కిందే నాయనా. నేనేమంత ఆశపోతును కాను."

"మాట తప్పకూడదు."

"తప్పితే నా గడ్డం... నా జుట్టు ఊడిపోతుంది."

ముసలమ్మ ఏదో గొణిగి కర్ర తిప్పింది. మొసలి నోరు కోటతలుపులా తెరుచుకుంది. తిప్పన పైదవడ వరసను కదపలేదు. మాంత్రికుడి పేరును కింది దవడలో పేర్చాడు. రెంటికీ మసి పూశాడు. చొక్కా విప్పి, మొసలి నోట్లోకి అడ్డంగా దూరి బోర్లా పడుకున్నాడు.

"అమ్మా... అయ్యా, అది గట్టిగా కరిస్తే మా ఎద్దును ఎవరికైనా వంకర పొలం లేనివాడికి ఇయ్యండి," అని చెప్పి, మొసలి చిగురు మీద తట్టాడు.

మొసలి కరిచింది. అక్షరాలు పళ్ళకంటే వేలెడు పొడుగు. అందుకని బతికాడు. బయటికి వచ్చి లేచి నిలబడితే వీపు మీద వంపుగా, నల్లగా, ముత్యాల్లా ఉంది: ‘నాగనను విడువుము.’ పొట్ట మీద ఉంది: ‘భృంగిపాదుడు.’

ముసలమ్మ ముందు వీపు చూసింది. చుట్టూ తిరిగి పొట్ట చూసింది. మళ్ళీ వీపు చూసింది.

"నా పేరు కింద కదా ఉండాలి?"

"కింది దవడలోనే పెట్టాను అవ్వా."

ఆ మాట అని తిప్పన పరుగెత్తాడు.

వెనుక పిడుగు పడ్డట్టు ఒక కేక. ముసలమ్మ కర్ర నేలకు కొట్టింది. కోటకు పోయే బాట, అసలే వంకరది, ఇంకా మెలికలు తిరిగింది. మెలికలో మెలిక పడింది. తిప్పన ఎంత పరుగెత్తినా అదే మైలురాయి, అదే రాయి మీద అదే తొండ. తొండ కూడా విసుగ్గా చూసింది. ఎండ నెత్తి మీదికి వస్తోంది. కోట మీద భేరివాడు చేతులు దులుపుకుంటూ మెట్లెక్కడం కనబడుతోంది.

తిప్పన బాట వదిలేశాడు. కోటబురుజును చూసుకుని, జొన్నచేలకు అడ్డంబడి తిన్నగా పరుగెత్తాడు.

కంచెల మీది నుంచి దూకాడు. ఒక వంటింట్లో దూరి పెరట్లోంచి వచ్చాడు. పెళ్ళివారి బంతి మధ్యనుంచి పోతూ ఒక బూరె తీసుకున్నాడు. కాలిగుర్తులు వెనకాల తాడు గుంజినట్టు తిన్నగా పడ్డాయి. చూసినవాళ్ళు పిల్లల కళ్ళు మూశారు. కాపలా భటులు కత్తులు దూసి వెంటపడ్డారు. కాని వాళ్ళు చట్టం ప్రకారం వంకరగా పరుగెత్తాలి. అడుగడుగుకూ వెనకబడ్డారు. ముసలమ్మ వేసిన మంత్రం బాట మీదే పనిచేస్తుంది. ముసలమ్మ గట్టు మీదే నిలబడి గడ్డం పీక్కుంది.

కోటవాకిలి దగ్గర మండలాధిపతి గాడిద గద్దె మీద నిలబడి జొన్నదంటు నములుతోంది. పక్కన నాగన తల వంచుకుని ఉన్నాడు. తలారి సింగన కొడవలిలాంటి కత్తిని నూరుతూ మాట్లాడుతున్నాడు.

"ఆ ఎద్దు కొమ్ములు ఎట్టా ఉంటాయి నాగన్నా?"

"తిన్నగా ఉంటాయి."

"అదిగో. కొనేటప్పుడే చూసుకోవద్దా."

భేరివాడు కర్ర ఎత్తాడు. తిప్పన ఊపిరాడక మాట రాక, వాళ్ళ ముందు వెనక్కి తిరిగి నిలబడ్డాడు. పొట్టను రెండు చేతులతో కప్పుకున్నాడు. సింగనకు చదువొచ్చు. కూడబలుక్కుని చదివాడు. "నాగనను... విడువుము." వేలితో తడిమి చూశాడు. "రాజాక్షరాలే. అచ్చు బాగా పడింది. అయితే అంటించనిదే చెల్లదు గదా."

"అంటించు," అన్నాడు తిప్పన.

"నిన్నా?"

"ఆజ్ఞను."

సింగన మండలాధిపతి వైపు చూశాడు. గాడిద నమిలింది. ఆలోచించింది. తల ఊపింది. చింతగింజల జిగురు కుండ తెచ్చారు. తిప్పన అటు తిరిగే ఎదురురొమ్ముకూ పొట్టకూ తానే జిగురు పూసుకున్నాడు. అతన్ని కోటగోడకు ముఖం పెట్టి అంటించారు. బుగ్గలూ పెదవులూ కూడా అంటుకున్నాయి. భేరి మోగింది. సింగన కత్తి పక్కన పెట్టి నాగన కట్లు విప్పాడు. "పో నాగన్నా. నీ అదృష్టం."

వంకరగా పరుగెత్తుతూ భటులు అప్పుడు వచ్చారు. "వీడు తిన్నగా పరుగెత్తాడు. పట్టుకోండి."

"ఎవడ్ని?" అన్నాడు సింగన. "అది రాజాజ్ఞ. ఆజ్ఞను పట్టుకోవడం ఏ చట్టంలో ఉంది?"

భటులు ఆలోచించి, తిప్పన వీపుకు వందనం చేసి వెళ్ళిపోయారు.

ఈలోగా వకుళ పడవ దిగి వాకిలికి వచ్చింది. మీసం ఒక పక్క ఊడి వేలాడుతోంది. ఆమె తిప్పన చెవి దగ్గర నోరు పెట్టి మెల్లగా చెప్పింది. "అంటించిన ఆజ్ఞను తియ్యాలంటే ఇంకో ఆజ్ఞ అచ్చుపడాలి. మొసలికి మంత్రం దిగింది. దిగువకు ఈదుకుంటూ పోయింది. పొరుగున ఉన్న నిటారుదేశం వైపు. నేను వెంటపడతాను. అంతదాకా ఈ గోడను వదలకు తిప్పనా. నీ పొట్ట బయటపడిన క్షణాన మీ అన్నను మళ్ళీ పట్టుకుంటారు."

తిప్పన గోడలోకి "ఊ" అన్నాడు. పడవకు గట్టు పొడుగునా వందనాలు జరుగుతున్న చప్పుడు దూరమైంది.

అతనికి ఒక్క కంటితో మాత్రం గోడ పక్కనుంచి కనబడుతుంది. దాంతో ఆకాశం చూశాడు. పడమట నల్లమబ్బు, పొదుగు నిండిన గేదెలా మెల్లగా వస్తోంది. మొదటి చినుకు మెడ మీద పడింది. జిగురు ఎడమ భుజం దగ్గర చల్లగా మెత్తబడింది.

పరుగెత్తుకుంటూ నాగన వచ్చాడు. ఎక్కడో పెద్ద తాటాకు గొడుగు సంపాదించాడు. గొడుగు కర్ర మోకాలికి వేసి వంచి మరీ తెచ్చాడు. తమ్ముడి నెత్తి మీద, గోడకు ఆనించి పట్టాడు. వాన దబదబా గొడుగు మీద పడింది. జిగురు నిలిచింది.

అన్నదమ్ములు ఇద్దరూ మాటకారులు కారు. నాగన గొడుగు సరిగా పట్టి, "ఎద్దు మేత మేసిందా?" అన్నాడు. తిప్పన "ఊ" అన్నాడు. నాగన కళ్ళు తుడుచుకున్నాడు. వాన పెరిగింది. వాకిట్లో జనం చెల్లాచెదురయ్యారు. గాడిదను లోపలికి తోలుకుపోయారు.

"తమ్ముడూ," అన్నాడు నాగన ఇంకాసేపటికి. "ఇక్కడ ఎవరో ముసలమ్మ తడిసిపోతోంది. కర్ర ఊతంతో పాపం ఎక్కడినుంచి నడిచొచ్చిందో. గొడుగు కిందికి రమ్మన్నాను."

తిప్పన గోడలోకి "ఊహూ" అన్నాడు. పెదవులు విడిపడలేదు. విడిపడినా, చట్టం ప్రకారం ఆమె ఎవరో చెప్పడానికి లేదు.

"పైట నిండా ఏదో నేయించుకుంది. నాకు చదువొస్తే బాగుండేది," అన్నాడు నాగన, ముసలమ్మకు చోటిస్తూ పక్కకు జరిగి. "రా అవ్వా, గోడ పక్కకు రా. చూశావా తమ్ముడూ, ఎంత మంచిదో. చేతిలో వేణ్ణీళ్ళ చెంబు కూడా ఉంది. నీకు చలేస్తుందేమో, వీపు మీద కాదు, ముందు వైపు కాస్త పోస్తానంటోంది."